‘తెలియదు’ అనడానికి గడి ఏదీ?

వార్షిక సంచికకు ఏదైనా రాయండి, పాత విద్యార్థులు గదా అని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, ఏం రాయాలా అని నేను ఆట్టే ఆలోచించలేదు. మన సంచికల్లో నిరుద్యోగం మీద రాసేవారున్నారు, విద్యావిధానం మీద రాసేవారున్నారు, సినిమాల మీదా రాజకీయాల మీదా రాసేవారికి కొదవే లేదు. ఫారాల మీద మాత్రం ఎవరూ రాయరు. ఫారం అనగానే మనకు ఆఫీసు కిటికీ, క్యూ, గుమాస్తాగారి విసుగు జ్ఞాపకం వస్తాయి గాని, అందులో ఆలోచించవలసింది ఏముంటుందని తోచదు. నేను రాయదలచుకున్నది ఆ ఫారాల గురించే. అందులోనూ వైద్య పరిశోధన కోసం కంప్యూటరు తెర మీదా, ట్యాబ్ మీదా నింపే ఎలక్ట్రానిక్ ఫారాల గురించి.

ఇది ఎవరో నలుగురి సొంత గొడవ అనుకోకండి. మన దగ్గర స్టాటిస్టిక్సు, ఫార్మసీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవాళ్ళలో ఎంతోమంది ఇవాళ హైదరాబాదులో ‘క్లినికల్ డేటా’ ఉద్యోగాలు చేస్తున్నారు. ఎక్కడో దేశాంతరంలో ఒక నర్సు నింపిన ఫారం ఇక్కడ మన పిల్లల కళ్ళ ముందుకొస్తుంది. మెడికల్ కాలేజీల్లో పి.జి. చేసే ప్రతివారూ సిద్ధాంత గ్రంథం కోసం ఒక ఫారం తయారు చేసుకోవలసిందే. ఇవేమీ కాకపోయినా మనమందరం ఏదో ఒకనాడు రోగులమే. మనం మింగే మాత్ర మంచిదా కాదా అన్నది చివరికి తేలేది ఎవరో నింపిన గళ్ళ లెక్క మీదనే. కాబట్టి ఆ గడి నిజం చెబుతోందా, అబద్ధం చెబుతోందా అన్నది అందరి సమస్యా.

నా ఉద్యోగం లెక్కలు కట్టడం. ఇరవై ఏళ్ళుగా ఇతరులు పోగుచేసిన అంకెలు చూస్తూ వస్తున్నాను. చూసి చూసి నాకు ఏర్పడిన అభిప్రాయం ఒకటే. ఎలక్ట్రానిక్ ఫారం తయారు చేసేవారు యంత్రానికి అనుకూలంగా వుండాలని చూస్తున్నారు గాని, నింపే మనిషికి నిజం చెప్పే అవకాశం వుందా లేదా అని చూడటం లేదు. ఈ మాట కాస్త వివరంగా చెబుతాను.

పాత సంగతులు కొన్ని

వైద్యంలో ఫారం విలువ కనిపెట్టినవారిలో ఫ్లారెన్స్ నైటింగేల్ ఒకరు. దీపం పట్టుకున్న దేవత అని మనం బడిలో చదువుకున్నాం గాని, ఆమె గణాంకాలలో ఎంత గట్టిదో ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్క ఆసుపత్రి ఒక్కొక్క తీరున లెక్కలు రాసుకుంటే ఎక్కడ ఎంతమంది ఎందుకు చనిపోతున్నారో పోల్చి చూడటం ఎలా అన్నది ఆమె ప్రశ్న. అందరికీ ఒకే నమూనా ఫారం వుండాలని 1860 లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ప్రతిపాదన పెట్టింది. సభవారు మెచ్చారు, కొన్ని ఆసుపత్రులు వాడి చూశాయి, కాని ఆ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. వార్డులో పని చేసేవారికి భారమైతే ఎంత మంచి ఫారమైనా బతకదన్న పాఠం అప్పుడే వుంది. మనమింకా నేర్చుకుంటూనే వున్నాం.

తరువాతి మజిలీ 1948. క్షయరోగానికి స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని బ్రిటిష్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ వారు 107 మంది రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు ఆ ఏడు వెలువడ్డాయి. ఎవరికి మందు, ఎవరికి పడక విశ్రాంతి మాత్రమే అన్నది సీలు వేసిన కవర్ల ప్రకారం నిర్ణయించారు. ఎక్స్‌రేలు చదివేవారికి ఏ ఫిలిం ఏ జట్టుదో తెలియనివ్వలేదు. అంటే, రాసే మనిషి మనసులోని కోరిక రాతలోకి దిగకుండా అడ్డుకట్ట వేశారన్నమాట.

ఇక మనకు దగ్గరి కథ మద్రాసుది. 1956 లో అక్కడ ఐ.సి.ఎం.ఆర్., మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ వారు కలిసి క్షయ చికిత్సా కేంద్రం పెట్టారు. శానిటోరియంలో పడుకోబెట్టి మందిచ్చినా, ఇంటి దగ్గరే వుంచి ఇచ్చినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 1959 లో లోకానికి చూపించారు. ఇంట్లో వున్న రోగి మందు మింగుతున్నాడో లేదో ఎలా తెలియాలి? "మందు వేసుకుంటున్నావా?" అని అడిగి "అవును" అని టిక్కు పెట్టి ఊరుకోలేదు వాళ్ళు. చెప్పకుండా ఇంటికి వెళ్ళి మూత్రం పరీక్ష చేశారు. ఫారంలో ఏ జవాబును నమ్మవచ్చో, దేన్ని వేరే దారిన సరిచూసుకోవాలో వాళ్ళకు తెలుసు. డెబ్బై ఏళ్ళ నాటి ఆ కాగితాల వెనకున్న తెలివి మన ఇవాళ్టి రంగురంగుల తెరల్లో కొన్నిటి వెనక లేదు.

కాగితం పోయి తెర వచ్చింది

తెర వల్ల మేలు జరగలేదని నేను అనను. కాగితం మీద రాసినప్పుడు 1 ఏదో 7 ఏదో తెలిసేది కాదు. ఒకే ఫారాన్ని ఇద్దరు గుమాస్తాలు విడివిడిగా కంప్యూటరులోకి ఎక్కించి, రెండూ సరిపోల్చి, తేడా వచ్చినచోట మళ్ళీ కాగితం వెతికేవారు. ఆసుపత్రిలో జనవరిలో జరిగిన పొరపాటు కేంద్ర కార్యాలయానికి జూన్‌లో తెలిసేది. అప్పటికి ఆ రోగి ఏ ఊళ్ళో వున్నాడో!

ఇప్పుడలా కాదు. పుట్టిన తేదీ కన్నా చికిత్స తేదీ ముందుంటే తెర అక్కడికక్కడే అడుగుతుంది. మగవాడికి గర్భం ప్రశ్నలు చూపించదు. ఎవరు, ఎప్పుడు, ఏ అంకెను దేనికింద మార్చారో చెరగని ఖాతా ఒకటి వెనక నడుస్తూ వుంటుంది. దాన్ని ఆడిట్ ట్రెయిల్ అంటారు. ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇటువంటి ఖాతా వుండి తీరాలని, పాత అంకె కనబడకుండా పోకూడదని అమెరికా ఎఫ్.డి.ఏ. వారు 1997 లో నిబంధన పెట్టారు. 2004 లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో రెడ్‌క్యాప్ అనే సాధనం పుట్టాక, పెద్ద కంపెనీల అవసరం లేకుండా మామూలు పరిశోధకుడు కూడా తన ఫారం తానే తయారు చేసుకునే వీలు కలిగింది. ఇవన్నీ లాభాలే.

అయితే ఒక్కటి పోయింది. కాగితానికి నోరు లేదు. రాయకపోతే ఊరుకునేది. తెర ఊరుకోదు.

ఎర్రచుక్క

ఎలక్ట్రానిక్ ఫారంలో కొన్ని గళ్ళ పక్కన ఎర్ర చుక్క గుర్తు వుంటుంది. అది నింపకపోతే తరువాతి పేజీకి పోనివ్వదు. ఫారం తయారు చేసేవారికి ఈ ఎర్రచుక్క అంటే మహా ప్రీతి. ఒక్క నొక్కు నొక్కితే చాలు, గడి తప్పనిసరి అయిపోతుంది. అన్ని గళ్ళకూ పెట్టేస్తే ఖాళీలే వుండవు, డేటా సంపూర్ణం! అధికారులకు చూపించడానికి నూటికి నూరు శాతం.

ఒక గర్భిణీ స్త్రీల అధ్యయనానికి లెక్కలు చూడమని నన్ను పిలిచారు. ఊరి పేరు అనవసరం. అంకెలు తెరిచి చూస్తే ఒక కేంద్రంలో వరసగా రెండు వారాలపాటు వచ్చిన ప్రతి గర్భిణీ బరువూ సరిగ్గా 50 కిలోలు! ఆ కేంద్రానికి పోయి నర్సుగారిని అడిగాను. ఆవిడ ఏమాత్రం తొట్రుపడలేదు. "తూకం మిషను పాడైంది సార్. బాగుచేయించమని రెండుసార్లు చెప్పాం. బరువు వెయ్యకపోతే ఇది ముందుకు పోనివ్వదు. బయట నలభైమంది నిలబడున్నారు. మమ్మల్నేం చెయ్యమంటారు?" అంది.

ఆవిడ అబద్ధాలకోరు అని నేననుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆవిడకు నిజం తెలుసు. "మిషను పాడైంది" అన్నదే ఆ నిజం. దాన్ని రాయడానికి ఫారంలో చోటు లేదు. అబద్ధం రాయడానికి మాత్రం చక్కటి గడి, దాని పక్కనే ఎర్రచుక్క వున్నాయి. మరి ఆ అబద్ధం ఎవరిది? నింపినవారిదా, నింపక తప్పని స్థితి కల్పించినవారిదా?

ఆడిట్ ట్రెయిల్ వుంది గదా, పట్టుకోవచ్చు గదా అంటారు. ఫలానా తేదీన, ఫలానా గంటకు, ఫలానా వారు 50 అని వేశారని అది చక్కగా చెబుతుంది. ఆ సమయానికి అక్కడ తూకం వుందో లేదో అది చెప్పలేదు. రాసిన చెయ్యి ఎవరిదో చెప్పే యంత్రం, రాసిన మాట నిజమో కాదో చెప్పదు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటమే మన కాలపు మూఢనమ్మకం.

ఇంతకూ ఖాళీ అన్నా ఒకే రకమా? కాదు. అడగలేదు అనేది ఒకటి. అడిగితే ఆయనకు తెలియదన్నాడు అనేది ఒకటి. తెలుసు గాని చెప్పనన్నది అనేది మరొకటి. పరీక్ష చెయ్యడానికి పరికరం లేదు అనేది ఇంకొకటి. ఈ మనిషికి ఆ ప్రశ్నే వర్తించదు అనేది వేరొకటి. ఇవన్నీ ఒకదానికొకటి సంబంధం లేని నిజాలు. సున్నా వీటిలో దేనితోనూ సమానం కాదు. ‘రోజుకు చుట్టలు 0’ అంటే తాగడని. అదే గడి ఖాళీగా వుంటే ఆ మనిషి సంగతి మనకు తెలియదని. రెండూ కలిపేస్తే లెక్కలో మిగిలేది బూడిదే.

ఖాళీలకు లెక్క కట్టే శాస్త్రం లేకపోలేదు. 1976 లో డొనాల్డ్ రూబిన్ అనే గణాంకవేత్త ఈ విషయం మీద రాసిన వ్యాసం మా శాఖ విద్యార్థులందరూ ఎరిగిందే. అంకె ఎందుకు లేకుండా పోయిందన్న కారణాన్ని బట్టి దాన్ని ఎలా చూడాలో మారుతుందని ఆయన చూపించాడు. అంటే గణాంకవేత్తకు ఖాళీ శత్రువు కాదు. కారణం రాసివున్న ఖాళీ అతనికి మిత్రుడు. 50 అని కల్పించి పెట్టిన అంకెకు మాత్రం ఏ శాస్త్రమూ మందు చెప్పలేదు, ఎందుకంటే అది కల్పించిందని ఎవరికీ తెలియదు.

దీనికి ఎదుటివారి వాదన నేను ఎరగనిది కాదు. "ఖాళీ వదలవచ్చు అని ఒకసారి వీలిస్తే, అన్నీ ఖాళీలే వస్తాయి. బద్ధకానికి తలుపు తీసినట్టే" అంటారు. ఇందులో కొంత నిజం వుంది. అయితే మందు ఎర్రచుక్క కాదు. గడి ఖాళీగా వదిలితే "ఎందుకు?" అని తెర అడగాలి. పైన చెప్పిన నాలుగైదు కారణాల్లో ఒకటి ఎన్నుకుంటేనే ముందుకు పోనివ్వాలి. అప్పుడు బద్ధకస్తుడికి శ్రమ మిగలదు, నిజాయితీపరుడికి దారి దొరుకుతుంది. పైగా ఒక కేంద్రం నుంచి ‘పరికరం లేదు’ అన్న జవాబు పదిసార్లు వస్తే, కొత్త తూకం పంపాలని పై అధికారికి తెలుస్తుంది. 50, 50, 50 అని వస్తే ఏం తెలుస్తుంది? అక్కడి స్త్రీలందరూ క్షేమంగా వున్నారని తెలుస్తుంది!

హద్దులు గీసేటప్పుడు

హద్దుల సంగతీ ఇంతే. ఫలానా అంకె ఇంతకు తక్కువా, ఇంతకు ఎక్కువా వుండకూడదని ఫారానికి ముందే చెప్పి పెట్టవచ్చు. మంచిదే. కాని ఆ హద్దు హెచ్చరించాలా, అడ్డుపడాలా అన్నది ఆలోచించి నిర్ణయించాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, మందస ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బు అసాధారణంగా వుందని, దాని మూలకారణం ఇంకా తేలలేదని మనకందరికీ తెలుసు. అక్కడ పరిశోధనకు పోయినవారు ఫారంలో క్రియాటినిన్‌కు మామూలు ఆరోగ్యవంతుల హద్దు పెట్టారనుకోండి. 8 వున్న రోగి వస్తే తెర "తప్పు, మళ్ళీ వెయ్యండి" అంటుంది. నింపేవాడు 0.8 అని వేసి గండం గడుపుకుంటాడు. ఎవరికోసం అంతదూరం పోయామో ఆ రోగినే మన ఫారం ఆరోగ్యవంతుణ్ణి చేసి ఇంటికి పంపిందన్నమాట! అటువంటి చోట "ఇది ఎక్కువగా వుంది, సరిచూశారా?" అని అడిగి, అవునంటే ఒప్పుకునే హద్దు వుండాలి.

కొలమానాలు కూడా చూసుకోవాలి. మన దేశంలో రక్తంలో చక్కెరను డెసిలీటరుకు మిల్లీగ్రాములలో చెబుతాం. బ్రిటన్‌లో మిల్లీమోల్‌లలో చెబుతారు. 18 రెట్లు తేడా. మన 126, వాళ్ళ 7 ఒకటే. క్రియాటినిన్‌కు అయితే మన 1, వాళ్ళ 88. దేశదేశాల డేటా ఒకచోట పోసే పరిశోధనలో గడి పక్కన కొలమానం రాయకుండా అంకె మాత్రం అడగడం, సంతలో వీశెలో కిలోలో చెప్పకుండా ధర అడగడం వంటిది.

ఊరు ఎరగని ఫారం

నన్ను అన్నిటికంటె బాధపెట్టే సంగతి మరొకటుంది. మన చేతికొచ్చే ఫారాల్లో చాలాభాగం ఎక్కడో తయారైనవి. వాటికి మన ఊరు తెలియదు.

మొదటి గడి దగ్గరే తకరారు. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు. తెలుగువాడికి మొదట వచ్చేది ఇంటిపేరు. ఒక కేంద్రంలో ఇంటిపేరు మొదటి గడిలో, ఇంకో కేంద్రంలో రెండో గడిలో పడుతుంది. పెళ్ళయిన ఆడపిల్లకు ఇంటిపేరే మారిపోతుంది. పుట్టింట ఉన్నప్పుడు ఒక మనిషి, కాన్పు తరువాత అత్తవారింటి దగ్గర ఇంకో మనిషి! తల్లి ఒకతే, కంప్యూటరులో ఇద్దరు. ‘ఇంటిపేరు’, ‘పేరు’ అని తెలుగులో రెండు ముక్కలు రాస్తే ఈ గొడవే లేదు.

వయస్సు మరీ చిత్రం. పుట్టినతేదీ తప్పనిసరి అంటుంది ఫారం. మన పెద్దవాళ్ళలో ఎంతమందికి తేదీ తెలుసు? ఏడు మాత్రం చెబితే ఆధార్ కార్డులో జనవరి 1 పడుతుంది. దాన్ని చూసి నింపేస్తే దేశంలోని ముసలివారంతా ఒకేరోజు పుట్టినవారవుతారు. పోనీ నోటితో అడిగితే యాభై, అరవై, డెబ్బై అని గుండుసున్నాలు చెబుతారు. దివిసీమలో పెద్దావిడ దగ్గరికి పోయి "అవ్వా, ఉప్పెన వచ్చేనాటికి నీకు పెళ్ళయిందా? పిల్లలా?" అని అడగండి. వెంటనే చెబుతుంది. 1977 నవంబరు 19 ఆ సీమలో ఎవరూ మరిచిపోయే తేదీ కాదు. గోదావరి ఒడ్డున పుష్కరాలున్నాయి, 1979, 1991, 2003, 2015. "నెల ఎప్పుడు తప్పింది?" అంటే తేదీ చెప్పలేని పిల్ల "వినాయకచవితికి ముందు" అని ఠక్కున చెబుతుంది. ఈ సంఘటనల పట్టిక ఫారంలోనే పెట్టి, ‘తేదీ తెలుసు’, ‘నెల వరకే తెలుసు’, ‘అంచనా’ అని ఎంత నమ్మకంగా చెప్పగలమో కూడా రాసే వీలు ఇస్తే ఎంత బాగుంటుంది! కంప్యూటరుకు ఇది కష్టమేమీ కాదు. తయారు చేసేవాడికి తోచాలి.

పొగాకు సంగతి చెప్పి ఈ భాగం ముగిస్తాను. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగుట్లో వచ్చే మచ్చల మీద శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, బొంబాయి, డెన్మార్క్ పరిశోధకులు కలిసి 1971 లో ప్రకటించిన అధ్యయనం ప్రపంచ ప్రసిద్ధమైంది. అదే చోటికి "మీరు సిగరెట్లు తాగుతారా? రోజుకు ఎన్ని?" అనే ఫారం పట్టుకుని పోతే ఏమయ్యేది? "సిగరెట్లా? ఛీ, లేదు బాబూ" అనేవారు ఆ అమ్మలు. పొగతాగని స్త్రీలకు అంగిట్లో కాన్సరు ఎందుకొస్తుందో అని మనం తలలు పట్టుకునేవాళ్ళం. అడిగే ప్రశ్నలో జీవితం లేకపోతే వచ్చే జవాబులో నిజం వుండదు.

ఎంత అడగాలి?

ఇంకొక జబ్బు, అవసరం లేనిది అడగడం. తెర మీద గడి చేర్చడానికి కాగితం ఖర్చు లేదు. అందుచేత ప్రతి ప్రొఫెసరుగారూ "ఇది కూడా వుంటే మంచిది, తరువాత పనికొస్తుంది" అని తలా నాలుగు ప్రశ్నలు కలుపుతారు. చివరికి ఫారం నలభై పేజీలు. రోగి మంచం మీద నీరసంగా పడివుంటాడు, నర్సు పేజీలు తిప్పుతూ వుంటుంది. ముప్ఫయ్యో పేజీకి వచ్చేసరికి అడగకుండానే టిక్కులు పడతాయి.

పెద్ద పరిశోధనలకు పెద్ద ఫారం కావాలన్నది భ్రమ. 1988 లో ప్రకటించిన ఐసిస్-2 పరీక్షలో గుండెపోటు రోగులు 17,187 మంది. ఆస్పిరిన్ వంటి చవక మాత్ర ప్రాణం కాపాడుతుందని తేల్చిన పరీక్ష అది. ప్రతి రోగి గురించీ అడిగింది బహు కొద్ది. 2020 మార్చిలో కోవిడ్ విరుచుకుపడ్డప్పుడు బ్రిటన్‌లో రికవరీ అనే పరీక్ష మొదలుపెట్టారు. ఊపిరాడని రోగుల మధ్య పరుగులు పెడుతున్న డాక్టర్లకు నలభై పేజీలు నింపే తీరిక ఎక్కడిది? చేర్చుకునేటప్పుడు ఒక చిన్న ఫారం. ఆ తరువాత ఇల్లు చేరినప్పుడో, చనిపోయినప్పుడో, లేదా 28 రోజులకో ఇంకొక చిన్న ఫారం. అంతే. జూన్ 16 నాటికల్లా డెక్సామెథసోన్ అనే పాతకాలపు చవక మందు, వెంటిలేటరు మీదున్నవారి మరణాలను సుమారు మూడోవంతు తగ్గిస్తుందని చెప్పగలిగారు. ఆ ఫారం పొడుగ్గా వుండి వుంటే ఆ కబురు ఎన్ని నెలలు ఆలస్యమయ్యేదో, ఆ నెలల్లో ఎంతమంది పోయేవారో ఆలోచించండి. పరిశోధనలో అనవసరపు భారం వుండకూడదని 2025 జనవరిలో ఖరారైన అంతర్జాతీయ మార్గదర్శక సూత్రాలు కూడా అంటున్నాయి.

ఎర్రచుక్క ఎక్కడ వుండాలి?

ఇంతసేపూ ఎర్రచుక్కను తిట్టాను. అది అసలు వుండకూడదని నా ఉద్దేశం కాదు. ఒకచోట అది వుండి తీరాలి.

2009 లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కాన్సరు టీకాను పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు వేశారు. అందులో ఎందరో గిరిజన హాస్టలు పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపివేశారు. తరువాత పార్లమెంటు స్థాయీ సంఘం విచారించి 2013 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. తల్లిదండ్రులు సంతకం పెట్టవలసిన అంగీకార పత్రాల్లో రెండు వేలకు పైగా హాస్టలు వార్డెన్లు పెట్టినవే! టీకా మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. ఇక్కడ నా ప్రశ్న ఫారం గురించే. గళ్ళన్నీ నిండాయి. సంతకం చోట సంతకం వుంది. పైనుంచి చూసేవారికి అంతా సక్రమం. తల్లి మాత్రం లేదు, తండ్రి లేడు.

ఇదిగో, ఎర్రచుక్క పెట్టవలసిన చోటు ఇది. సంతకం చేసినవారు పిల్లకు ఏమవుతారు? చదవడం రాకపోతే చదివి వినిపించింది ఎవరు, ఏ భాషలో? సాక్షి ఎవరు? ఇవి లేనిదే ముందుకు కదలకూడదు. ఎందుకంటే ఇక్కడ "లేదు" అంటే పరిశోధకుడు ఆగిపోవాలి. బరువు లేకపోతే లెక్కలో ఒక అంకె తగ్గుతుంది. అంగీకారం లేకపోతే పరిశోధన చేసే హక్కే పోతుంది. అంచేత నా సూత్రం చాలా చిన్నది. పరిశోధకుడి బాధ్యత వున్నచోట ఫారం కఠినంగా వుండాలి, రోగి జీవితాన్ని అడిగేచోట మెత్తగా వుండాలి. ఇవాళ మనం సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం. తల్లి బరువు దగ్గర తెర మొండికేస్తుంది, అంగీకారం దగ్గర ఒక్క టిక్కుతో దారి ఇచ్చేస్తుంది.

మనం చేయగలిగింది

విమర్శించి ఊరుకోవడం మన సంచికలకు అలవాటే గాని, నాలుగు పనికొచ్చే మాటలు కూడా చెప్పాలి.

ఒకటి. ఫారం రాసే ముందు, చివర్లో వేయబోయే పట్టికలు కాగితం మీద ఖాళీగా గీసుకోండి. ఏ పట్టికలోకీ పోని ప్రశ్నను నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి.

రెండు. ఫారం తయారయ్యాక మీ గదిలో కూర్చుని మెచ్చుకోకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి ఏ.ఎన్.ఎం. గారి పక్కన బల్ల మీద కూర్చోండి. పదిమంది రోగుల మీద ఆవిడ నింపుతుంటే నోరు మూసుకుని చూడండి. ఆవిడ ఎక్కడ ఆగిందో, ఎక్కడ నిట్టూర్చిందో, ఎక్కడ అడగకుండా టిక్కు పెట్టిందో రాసుకోండి. అక్కడే మీ ఫారంలో తప్పుంది.

మూడు. ప్రశ్న తెలుగులో వుండాలి. అనువాదం తెలుగు కాదు, నోటితో అడిగే తెలుగు. "గత మాసమున అతిసార వ్యాధి సంభవించినదా?" అని తెర మీద రాస్తే చదివే నర్సమ్మ దాన్ని తనకు తోచినట్టు మార్చి అడుగుతుంది. ఇద్దరు నర్సులు రెండు రకాలుగా అడుగుతారు. "పోయిన నెలలో నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయా?" అని మనమే రాస్తే సరిపోతుంది గదా. శ్రీకాకుళంలో ఒక మాట, అనంతపురంలో ఇంకొక మాట, ఆదిలాబాదులో మరొకటి అయితే మూడూ పెట్టండి. తెరకు చోటు కొదవ లేదు.

నాలుగు. ఇది అధ్యాపకులకు నా మనవి. సిద్ధాంత గ్రంథాల చివర అనుబంధంగా అచ్చయ్యే ఫారాలు గ్రంథాలయం అటకమీద దుమ్ము తింటున్నాయి. కొత్తగా వచ్చిన విద్యార్థి పై బ్యాచివాడి ఫారాన్ని తప్పులతో సహా దింపుకుంటున్నాడు. శాఖల వారు కలిసి, బాగా పనిచేసిన తెలుగు ఫారాలను, వాటిలో ఏ ప్రశ్న ఎందుకు దెబ్బతిందో చెప్పే చిన్న వ్యాఖ్యతో సహా, ఒకచోట అందరికీ అందుబాటులో పెట్టాలి. స్టాటిస్టిక్సు విద్యార్థీ, మెడికల్ విద్యార్థీ, తెలుగు ఎం.ఏ. విద్యార్థీ కలిసి చేయవలసిన పని ఇది. విద్యార్థి సంఘం పూనుకుంటే ఒక సెలవుల్లో మొదలుపెట్టవచ్చు.

మిత్రులారా, రేపు మీలో కొందరు ఈ ఉద్యోగాల్లోకే వెళతారు. ఏ.సి. గదిలో తెర ముందు కూర్చుని, ఒక గడి పక్కన ఎర్రచుక్క పెట్టాలా వద్దా అని నిర్ణయించవలసిన రోజు వస్తుంది. అవతల తూకం లేని గదిలో నిలబడ్డ ఒక మనిషి వుంటుంది. ఆవిడకు నిజం చెప్పే దారి మీరు వుంచారా లేదా అన్నదాని మీదనే మీ సంపూర్ణమైన డేటా విలువంతా ఆధారపడి వుంది. ‘తెలియదు’ అనే మాట రాయడానికి ఒక్క గడి ఇవ్వండి. శాస్త్రం మొదలైందే ఆ మాట దగ్గర.